గునపం పట్టుకుని మకా తీరానికి

అడుగు చూసి వేయండి. ఈ నాచు ఎండినట్టే కనిపిస్తుంది, కాలు ఆనగానే జారుతుంది. పడితే నడుం దెబ్బతో పోదు. బండ నిండా బార్నకిల్స్ ఉన్నాయి, వాటి సున్నపు పెంకుల అంచులు అరచేతిని చీరేస్తాయి. రుషికొండ దగ్గరో భీమిలిలోనో బండలెక్కి కాళ్లు కోసుకున్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇది 1963 జూన్. అమెరికా పశ్చిమ తీరంలో వాషింగ్టన్ రాష్ట్రపు వాయవ్య కొస. వెనక స్ప్రూస్ చెట్ల అడవి, ముందు పసిఫిక్. ఇది మకా తెగవారి నేల. 1855 ఒప్పందంలో చాలా భూమి వదులుకున్నా, తిమింగలాల వేట హక్కును మాత్రం కాగితం మీద రాయించుకున్న సముద్ర జాతి వాళ్లు. ఈ ఒడ్డు పేరు మకా బే.

సియాటిల్ నుంచి ఇక్కడికి గంటల తరబడి ప్రయాణం. ఇంత దూరం వచ్చి నీరు దిగే వేళ తప్పిందంటే వచ్చిన దారినే వెనక్కి పోవడం తప్ప చేయగలిగింది లేదు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రెండు ఆట్లూ సమానం కావు. ఒకదానికి నీరు బాగా లోతుకు దిగిపోతుంది, రెండోదానికి పైపైనే ఆగిపోతుంది. వేసవిలో ఆ పెద్ద ఆటు పొద్దుటి పూట పడుతుంది. అందుకే ఈ చలిలో, ఈ పొగమంచులో, కాఫీ కూడా సరిగా దిగని వేళ మీరిక్కడ నిలబడి ఉన్నారు.

మీ ముందు నడుస్తున్నాయన ఆరడుగుల ఆరంగుళాల మనిషి. పేరు రాబర్ట్ పెయిన్, వయసు ముప్పై. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నిరుడే చేరాడు. చేతిలో గునపం ఉంది. జీవశాస్త్రం మాస్టారి చేతిలో భూతద్దం ఉండాలి గానీ గునపం ఎందుకని అడగాలనిపిస్తుంది. కాసేపు ఆగండి, ముందు బండను చూడండి.

నిలువుగా, పై నుంచి కిందికి చూడాలి. అన్నిటికన్నా పైన తెల్లటి పట్టీ. అవి చిన్న బార్నకిల్స్. రొయ్యకు దాయాదులే, కానీ పిల్ల దశలో ఒకసారి తలను రాతికి అతికించుకుని చుట్టూ పెంకు కట్టుకున్నాక ఇక కదలవు. నీరు వచ్చినప్పుడు తలుపు తెరిచి కాళ్లతో తిండి లోపలికి లాక్కుంటాయి. వాటి కింద ముదురు నీలం, నలుపు కలిసిన మందపాటి పరుపు. అవి మస్సెల్స్, రెండు చిప్పల గుల్లలు. దారాల్లాంటి పోగులు స్రవించి రాతికీ ఒకదానికొకటీ కట్టేసుకుంటాయి. పెద్దవి అరచేతికన్నా పొడుగు. వీటి మధ్య అక్కడక్కడా గుత్తులుగా, మెడ సాచినట్టు ఇంకో రకం బార్నకిల్.

ఇప్పుడు ఆ మస్సెల్ పరుపు కింది అంచు చూడండి. ఎవరో నీటిమట్టం పట్టి గీత గీసినట్టు తెగిపోయింది. గీత కింద ఇంకో లోకం. ఆకుపచ్చ అనిమోన్లు నీరు లేక ముడుచుకుని ముద్దలా ఉన్నాయి. స్పాంజి ఒక పొరలా పాకింది, దాన్ని మేసే పెంకులేని సముద్రపు నత్త ఒకటి దాని మీదే ఉంది. ఎనిమిది పలకల కవచంతో కైటన్లు, గొడుగు ఆకారపు లింపెట్లు, ఎర్రటి, గులాబీ రంగు నాచులు. వీటన్నిటి మధ్య, పగుళ్లలో గుంపులుగా, ఊదా రంగువీ నారింజ రంగువీ అయిదు చేతుల నక్షత్రాలు. పిసాస్టర్ అంటారు వీటిని. చేపలు కావు, ఎముకలు లేవు, మెదడంటూ ఒకటి లేదు.

గీత దగ్గర ఉన్న ఒక నక్షత్రం వీపు గూనిగా లేచి ఉంది. గూని వేసిందంటే తింటున్నట్టు. పెయిన్ వంగి దాన్ని తిరగేశాడు. కింద ఒక మస్సెల్. నక్షత్రం తన వందల గొట్టపు కాళ్లతో రెండు చిప్పల్నీ పట్టుకుని అటూ ఇటూ గుంజుతుంది. గుల్ల కండరం గట్టిదే, కానీ ఎంతసేపని బిగబట్టగలదు? వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, నక్షత్రం తన కడుపునే బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి జార్చేస్తుంది. గుల్ల తన ఇంట్లో తానే అరిగిపోతుంది. చూడ్డానికి ఇందులో వేట కనిపించదు. రెండు వస్తువులు కదలకుండా అతుక్కుని ఉన్నట్టుంటుంది. ఇలా ఒక్కొక్కదాన్నీ తిరగేసి అది ఏం తింటోందో రాసుకుంటూ పోవడం ఆయన పనిలో సగం. లెక్కకు బార్నకిల్సే ఎక్కువ తింటాయి ఇవి. కడుపు నింపేవి మాత్రం మస్సెల్స్, కైటన్లు.

ఆ మిగతా సగం ఇప్పుడు మొదలవుతుంది.

గునపం మొన నక్షత్రం కిందికి పోనిచ్చి ఒక్క ఊపున లేపాడు. ఊపు ఒక్కటే ఉండాలి. ముందుగా తట్టామా, అది బిగుసుకుని రాతిలో రాయైపోతుంది. ఊడిన నక్షత్రాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి ఊగి బలంగా సముద్రంలోకి విసిరాడు. ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. ఎనిమిది మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తున్న ఒక బండ ముక్క మీద నక్షత్రమన్నది లేకుండా చేయాలి. పక్కనే ఉన్న ఇంకో ముక్కను ముట్టుకోకూడదు. తేడా తెలియాలంటే అది అలాగే ఉండాలి. పని అయిందనుకుంటే అయినట్టు కాదు, విసిరినవి మళ్లీ పాకి వస్తాయి, చుట్టుపక్కలవీ వస్తాయి. కనక ఈయన కూడా మళ్లీ మళ్లీ రావాలి.

ఎందుకు ఇదంతా? దీని వెనక ఒక వాదం ఉంది. పెయిన్ చదువుకున్నది మిషిగన్‌లో. అక్కడి ఆయన గురువు ఫ్రెడరిక్ స్మిత్, మరో ఇద్దరు సహచరులు హెయిర్‌స్టన్, స్లొబోద్కిన్‌లతో కలిసి 1960లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆకులు తినే ప్రాణులు ఇన్ని ఉండగా లోకం ఇంకా పచ్చగా ఎందుకుంది అన్నది ప్రశ్న. ఆకులు తినేవాటిని తినేవి ఉన్నాయి కాబట్టి అన్నది జవాబు. అప్పటిదాకా చాలామంది కింది నుంచి పైకే లెక్క చూసేవారు: ఎండ ఎంత, గడ్డి ఎంత, గడ్డికి తగ్గ జింకలు ఎన్ని, జింకలకు తగ్గ పులులు ఎన్ని. పై నుంచి కిందికి కూడా లెక్క నడుస్తుందని ఈ ముగ్గురూ అన్నారు. బాగానే ఉంది, రుజువేది? అడవిలో పులుల్ని తీసేసి చూడలేం. చూసినా ఫలితం తేలడానికి మనిషి ఆయుష్షు చాలదు.

ఒడ్డు బండ అలా కాదు. ఇక్కడి ప్రాణుల్లో సగం కదలనే కదలవు, ఒకచోట నిలబడి లెక్కపెట్టొచ్చు. బతుకులు పొట్టివి, మార్పు నెలల్లో తెలుస్తుంది. అన్నిటికీ కావలసింది ఒక్కటే, నిలబడడానికి ఇంత జాగా. సంక్రాంతి ముందు రోజు జనరల్ బోగీలో సీటు కోసం జరిగేదే ఇక్కడ రాతి మీద రోజూ జరుగుతుంది. ఇంతకు రెండేళ్ల ముందు, 1961లో, జోసెఫ్ కనెల్ అనే ఆయన స్కాట్లండ్ ఒడ్డున రెండు జాతుల బార్నకిల్స్ మీద చేసిన పని ప్రచురించాడు. ఒక జాతిని గీకేసి, రెండోది ఎక్కడిదాకా పాకుతుందో చూశాడు. పై హద్దును ఎండ గీస్తుంది, కింది హద్దును పొరుగువాడు గీస్తాడని తేల్చాడు. చూసి రాసుకోవడంతో ఆగకుండా చెయ్యి పెట్టి మార్చి చూసే పద్ధతి అలా తీరాల మీదే బలపడింది.

సెప్టెంబరుకి రండి. అదే బండ, మూడు నెలలు గడిచాయి. నక్షత్రాలు లేని ముక్క తెల్లబడింది. ఖాళీ అయిన జాగాలో నూటికి అరవై నుంచి ఎనభై పాళ్లు ఒకే జాతి బార్నకిల్ ఆక్రమించేసింది. పెయిన్ మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెడుతున్నాడు. ఇప్పుడే మీరు ఇంటికి వెళ్లిపోతే, నక్షత్రం లేకపోతే రాజ్యం బార్నకిల్స్‌దేనని రాసుకుంటారు. ఒక్క సీజన్ చూసి ఫలితం ప్రకటించే తొందర ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

1964 జూన్‌లో వచ్చి చూడండి. ఆ బార్నకిల్స్‌ను ఇంకొకరు తొక్కేస్తున్నారు. చిన్న చిన్న మస్సెల్స్, వేగంగా పెరుగుతూ, గుత్తుల బార్నకిల్స్‌తో పాటు పై నుంచి కిందికి దిగుతున్నాయి. గీత చెరిగిపోయింది. మస్సెల్‌కు కింద ఉండడమే లాభం. ఎక్కువసేపు నీటిలో ఉంటే ఎక్కువ తిండి. ఇన్నాళ్లూ అది కిందికి రాకపోవడానికి కారణం నేల కాదు, నీరు కాదు, నక్షత్రం. నక్షత్రం పైకి వెళ్లి ఎక్కువసేపు ఎండలో ఉండలేదు కనక మస్సెల్స్ పైన బతికిపోయాయి, కింద కరిగిపోయాయి. ఆ గీత రెండు భయాల సరిహద్దు.

మరి మిగతావాళ్లు? నాచులకు జాగా పోయింది. నాచు పోతే మేసేవాళ్లకు పని లేదు, కైటన్లు, పెద్ద లింపెట్లు లేచి వెళ్లిపోయాయి. ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆలోచించాలి. పిసాస్టర్ ఆ నాచును తినదు. దాన్ని తీసేస్తే నాచుకు ఏమీ కాకూడదు. కానీ నాచే ముందు పోయింది. తినేవాడు పోతే తినబడేవాళ్లు హాయిగా ఉంటారని మనకున్న లెక్క ఈ బండ మీద తలకిందులైంది. మొదట్లో పదిహేను జాతులున్న చోట ఎనిమిది మిగిలాయి. ఆ తర్వాత ఏళ్లలో ఆ ముక్క దాదాపు పూర్తిగా మస్సెల్స్ చేతికి పోయింది. పక్కన ముట్టుకోని ముక్క మాత్రం ముందెలా ఉందో అలాగే ఉంది.

పెయిన్ ఇదంతా 1966లో ది అమెరికన్ నేచురలిస్ట్ పత్రికలో రాశాడు. 1969లో ఇలాంటి ప్రాణికి కీస్టోన్ జాతి అని పేరు పెట్టాడు, కమాను మధ్యలో ఉండి మిగతా రాళ్లను నిలబెట్టే రాయి పేరది. తర్వాత ఆ పేరు అడవికీ, గడ్డినేలకీ, రాజకీయ ఉపన్యాసానికీ కూడా వెళ్లిపోయింది. ముఖ్యమైన ప్రతి జంతువునూ కీస్టోన్ అనేస్తున్నారు. సంఖ్యలో తక్కువగా ఉండి, ఆ సంఖ్యకు పొంతన లేనంత ప్రభావం చూపేదే కీస్టోన్. రాతినంతా కప్పేసిన మస్సెల్‌ది కూడా పెద్ద ప్రభావమే, కానీ అది కీస్టోన్ కాదు.

ఈ కథను ఇక్కడ ముగించేస్తే పాఠ్యపుస్తకంలా నున్నగా ఉంటుంది. కానీ దానికి రెండు గరుకులున్నాయి. ఒకటి, పెయిన్ లెక్కపెట్టింది రాతి మీద నేరుగా జాగా పట్టినవాటినే. మస్సెల్ పరుపును విప్పి చూస్తే లోపల పురుగులు, చిన్న పీతలు, నత్తలు వందల జాతులు కాపురం ఉంటాయి. ఆ ఇంటి లోపలి జనాన్ని కలిపి లెక్కేస్తే మస్సెల్స్ వచ్చిన చోట జీవం తగ్గిందనడం అంత తేలిక కాదు. రెండు, పెయిన్ శిష్యుడు బ్రూస్ మెంజ్ తర్వాత ఆరెగాన్ తీరంలో చూస్తే, అలలు బలంగా కొట్టే చోట పిసాస్టర్ పెత్తనం బలంగా ఉంది, చాటున ఉన్న చోట బలహీనంగా ఉంది. ఒక బండ మీద రాజు ఇంకో బండ మీద మామూలు పౌరుడు కావచ్చు. నా మటుకు నాకు ఈ రెండు గరుకుల వల్ల పెయిన్ మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆయన పద్ధతి నేర్చుకున్నవాళ్లే ఆయన ఫలితానికి హద్దులు గీశారు.

పడవెక్కండి. మకా వాళ్ల ఊరు నియా బే నుంచి ఫ్లాటరీ అగ్రం చుట్టి వెళితే సముద్రంలో నిటారు గోడల చిన్న ద్వీపం, దాని మీద 1857 నుంచి ఒక దీపస్తంభం. ఇది టటూష్. ఇది కూడా మకా వాళ్లదే. వాళ్ల అనుమతితో పెయిన్ 1960ల చివర్లో ఇక్కడికి మకాం మార్చి, దశాబ్దాల పాటు ఇదే ద్వీపానికి వస్తూ పోయాడు. శిష్యుల్ని తెచ్చాడు. వాళ్లు తమ శిష్యుల్ని తెచ్చారు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు ఒకప్పుడు అధిపతిగా పనిచేసిన జేన్ లుబ్చెంకో ఈ బడిలోంచి వచ్చినావిడే. దిగేచోట అల తగ్గే క్షణం చూసి గెంతాలి, సామాను చేతులు మార్చి పైకి చేర్చాలి. అక్కడ కొత్తగా చూసేదేమీ లేదు. అవే బండలు, అవే గుల్లలు, నిరుడు మేకు కొట్టి గుర్తు పెట్టిన చోటే ఈ ఏడాదీ మోకరిల్లడం.

గునపం కథ అందరికీ తెలుసు. ఈ రాకపోకల కథ ఎవరూ అంతగా చెప్పరు. నా లెక్కలో అసలు పని ఇదే.

2013 జూన్. మళ్లీ ఇదే తీరం. బండ పగుళ్లలోకి చూడండి. నక్షత్రాల ఒంటి మీద తెల్లటి పుండ్లు. చేతులు మెలితిరిగిపోయాయి. ఒకదాని చెయ్యి ఊడి ఒంటికి దూరంగా దానంతటదే పాకుతోంది. రెండు మూడు రోజుల్లో మిగిలేది జావ. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అలాస్కా నుంచి మెక్సికో దాకా ఇరవైకి పైగా జాతుల నక్షత్రాలు ఈ తెగులుతో పోయాయి. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నది పొద్దుతిరుగుడు నక్షత్రం. ఇరవైకి పైగా చేతులతో మీటరు వెడల్పు దాకా పెరిగే ఆ ప్రాణి అయిదు వందల కోట్లకు పైగా చచ్చిపోయిందని అంచనా. సముద్రపు ముళ్లకాయల్ని తిని అదుపులో పెట్టేది అదే. అది పోయాక ఉత్తర కాలిఫోర్నియాలో ముళ్లకాయలు పెచ్చుమీరి కెల్ప్ అనే పెద్ద నాచు అడవుల్ని మేసేశాయి.

అంతకు యాభై ఏళ్ల ముందు ఒక మనిషి ఎనిమిది మీటర్ల మీద చేసిన పరీక్షను తెగులు ఖండం పొడవునా చేసింది. ఫలితం అన్నిచోట్లా ఒకేలా రాలేదు. కొన్నిచోట్ల మస్సెల్స్ గీత దాటి కిందికి దిగాయి. ఆరెగాన్‌లో 2014లో పిల్ల నక్షత్రాలు మునుపెన్నడూ లేనంతగా పుట్టుకొచ్చాయి.

తెగులుకు కారణం తేలడానికి పన్నెండేళ్లు పట్టింది. 2025 ఆగస్టులో, పొద్దుతిరుగుడు నక్షత్రాన్ని చంపేది విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని పరిశోధకులు ప్రకటించారు. జబ్బుపడ్డ నక్షత్రాల ఒంట్లోని ద్రవం తీసి, అందులోంచి ఆ సూక్ష్మజీవిని పెంచి, ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కించి, అవి అలాగే చావడం చూసి మరీ చెప్పారు. ఫ్రాన్సులో స్కాలప్ గుల్లల పిల్లల్ని చంపుతోందని 1990ల్లోనే గుర్తించిన జాతే ఇది. విబ్రియో అన్న మాట వినగానే భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులు తల పంకిస్తారు. ఆ కుటుంబంతో వాళ్లకు చెరువుగట్ల మీద పాత పరిచయమే.

ఇక చివరిగా టటూష్‌లో ఒక గుల్ల చేతిలోకి తీసుకోండి. మస్సెల్ చిప్ప. గోటితో తట్టండి. ఈ ద్వీపం చుట్టూ నీటి ఆమ్లత్వాన్ని 2000 నుంచి కొలుస్తూ వచ్చిన టిమ్ వుటన్, క్యాథీ ఫిస్టర్‌లు, అది అప్పటి నమూనాలు చెప్పినదానికన్నా వేగంగా పెరుగుతోందని 2008లో రాశారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగితే గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుంది. మరి గుల్లలో తేడా వచ్చిందా? చెప్పాలంటే పాత గుల్ల కావాలి. అది రెండు చోట్ల దొరికింది. వెయ్యేళ్లకు పైగా కిందట మకా పూర్వీకులు తిని పారేసిన గుల్లల దిబ్బల్లో ఒకటి, 1970ల్లో ఇదే తీరంలో ఏరి దాచినవి మరొకటి. పక్కపక్కన పెట్టి కొలిస్తే ఆ రెండు కాలాల గుల్లలకన్నా ఇప్పటి గుల్లే పల్చన. ఫిస్టర్ బృందం ఈ ఫలితం ప్రచురించింది 2016లో. అదే ఏడాది జూన్‌లో పెయిన్ సియాటిల్‌లో కన్నుమూశాడు.

విశాఖ, భీమిలి వైపు బడుల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. దగ్గరలో ఉన్న ఒక బండకు గుర్తు పెట్టండి. ఏటా అదే నెలలో, అలలు నెమ్మదించిన రోజు చూసుకుని, ఆటు వేళ పిల్లల్ని తీసుకెళ్లండి. బార్నకిల్ ఎక్కడి దాకా ఉంది, గుల్లలు ఎక్కడ మొదలయ్యాయి, నాచు ఎంత, నత్తలు ఎన్ని, ఇవి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాయించండి. ఖాళీ చిప్పలు నాలుగు ఏరి పెట్టెలో చీటీతో భద్రం చేయండి. బదిలీ అయినప్పుడు ఆ పుస్తకం, ఆ పెట్టె తర్వాత వచ్చేవారికి అప్పగించండి. గునపం మాత్రం వద్దు.